కార్నెట్టు వాద్యము: దాని విద్య, దాని తోడు

గత సంవత్సరము మన పాఠశాలలో చిన్న వాద్యబృందము నొకదానిని ఆరంభించిన సంగతి తల్లిదండ్రులందరును ఎరిగినదే. పెద్ద డోలు ఒకటి, చిన్న డోళ్ళు నాలుగు, పిల్లనగ్రోవులు ఆరు, వీనికి తోడు ఒక దాత యిచ్చిన పాత కార్నెట్టు ఒకటి మనకు సమకూడినవి. ఆ కార్నెట్టును తొమ్మిదవ తరగతి బాలుడొకడు చేపట్టి, కొన్ని నెలల సాధనతో జాతీయగీతమును తప్పులేకుండ పలికింప నేర్చెను. అటుపిమ్మట ఒకనాడు వాని తండ్రిగారు మా గదికి వచ్చి యిట్లనిరి: "అయ్యవారూ, మావాణ్ణి బడికి పంపింది చదివేదానికి గానీ ఊదేదానికి కాదు. ఊదితే ఊపిరితిత్తులు చెడతాయంటారు. రేపు పెండ్లి ఊరేగింపులో బూర ఊదేవాళ్ళ పక్కన మావాడు నిలబడాల్నా? అయినా మన తెలుగు బడిలో ఈ దొరల వాద్యమెందుకు?"

అప్పటికి తరగతి గంట మ్రోగినందున మేము వారికి పూర్తిగా సమాధానము చెప్పజాలకపోతిమి. బాలుడు మరునాటినుండి బృందమునకు రాలేదు. వారడిగిన ప్రశ్నలు మూడు: ఒకటి ఆరోగ్యమును గూర్చినది, ఒకటి గౌరవమును గూర్చినది, ఒకటి భాషను గూర్చినది. ఇవి ఆ ఒక్క తండ్రి ప్రశ్నలు కావు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు బడికి పిల్లలను పంపుచున్న అనేకుల మనస్సులలో ఉన్నవే. కావున ఈ వాద్యమేదో, దానిని గొప్పగా వాయించినవారెవరో, వారి వాదనము రికార్డులకెక్కిన విధమేదో ముందుగా వివరించి, ఆ మీదట ఆ మూడు ప్రశ్నలకును మాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పదలచినాము.

వాద్యము పనిచేయు తీరు

కార్నెట్టు, ట్రంపెట్టు అను రెండును ఇత్తడి గొట్టముతో చేయబడిన వాద్యములు. చుట్టలు విప్పి సాగదీసినచో ఆ గొట్టము పొడవు ఐదడుగులకు కొంచెము తక్కువగా నుండును. రెండింటికిని పొడవు సమానమే. భేదమెక్కడ ననగా, ట్రంపెట్టు గొట్టము చాలవరకు ఒకే లావున సాగి చివర విచ్చుకొనును. కార్నెట్టు గొట్టము మొదటినుండియే మెల్లమెల్లగా లావగుచు పోవును. అందుచేత ట్రంపెట్టు నాదము తళుక్కుమని సూటిగా దూసికొని పోవును. కార్నెట్టు నాదము మెత్తగా, గాత్రమునకు దగ్గరగా వినిపించును.

ఈ వాద్యములలో నాదము పుట్టించునది గొట్టము కాదు, పెదవులు. పెదవులను బిగించి, గిన్నెవంటి మూతిముక్కపై ఆనించి ఊదగా అవి కంపించును. ఆ కంపనమును గొట్టము పెద్దది చేయును. కేవలము పెదవుల బిగువును మార్చుటచేత కొన్ని స్వరములు మాత్రమే పలుకును. వాని నడుమ అనేక స్వరములు దొరకవు. పూర్వకాలపు యుద్ధబూరలన్నియు ఇట్టివే. ఈ లోపము 19వ శతాబ్దారంభమున తీరినది. ష్టోల్జెల్, బ్లూమెల్ అను జర్మను వాదకులు గొట్టమునకు మీటలు అమర్చు పద్ధతిని కనిపెట్టి 1818లో ప్రష్యా ప్రభుత్వమునుండి హక్కుపత్రము పొందిరి. మీట నొక్కినచో గాలి ఒక చిన్న అదనపు గొట్టముగుండ తిరిగి పోవును. గొట్టము పొడవెక్కినందున స్వరము దిగును.

మన సంగీతమున సప్తకమునకు పండ్రెండు స్వరస్థానములు గలవు గదా. నడిమి మీట ఒక స్వరస్థానమును దింపును. మొదటి మీట రెండింటిని, మూడవ మీట మూడింటిని దింపును. ఈ మూడింటిని విడివిడిగను, కలిపియు నొక్కుటచేత ఏడు విధములైన పొడవులు లభించును. ఆ ఏడింటితోడను, పెదవుల బిగువుతోడను పండ్రెండు స్వరస్థానములను సాధింపవచ్చును. మూడు వ్రేళ్ళు, రెండు పెదవులు, ఒక్క ఊపిరి: ఈ వాద్యమునకు కావలసిన సామగ్రి యంతయు నింతే. మిగిలినది సాధన.

విద్వాంసులు, వారి బృందములు

ఈ సాధనకు శాస్త్రమేర్పరచిన మహనీయుడు జాన్ బాప్తిస్తు ఆర్బాన్. ఆయన 1825లో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమున జన్మించెను. 1864లో కార్నెట్టు అభ్యాసమునకై ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. 1869లో పారిస్ సంగీత కళాశాలలో కార్నెట్టు ఆచార్యుడాయెను. మన విద్యార్థికి సరళీవరసలు, జంటవరసలు, అలంకారములు ఎట్టివో, ఆ వాద్యము నేర్చువారికి ఆర్బాన్ పాఠములట్టివి. నూటయేబది సంవత్సరములు దాటినను నేటికిని వానితోనే అభ్యాసము సాగుచున్నది.

ఆర్బాన్ "వెనిసు ఉత్సవము" అను జానపద గీతమును తీసికొని దానిపై వైవిధ్య రచనలు చేసెను. మొదట పాటను సాదాగా వాయించుట, తరువాత దానినే రెండుమూడు విధములుగా అల్లి పెంచుట దాని పద్ధతి. మన విద్వాంసుడు పల్లవిని ఒకసారి చెప్పి, సంగతుల మీద సంగతులు వేయుట నెరిగినవారికి ఇది క్రొత్త కాదు. అందొక భాగమున వాదకుడు క్రింది స్వరములతో పాటను నడుపుచు, నడుమ నడుమ మీది స్వరములను తొందరగా తాకుచు పోవును. కన్నులు మూసికొని విన్నచో ఇద్దరు వాయించుచున్నారని తోచును, వాయించువాడు ఒక్కడే.

ఇట్టి రచనలలో వాదకుని వెనుక తంత్రీవాద్యములు లేకుండ, ఊదు వాద్యములే ప్రధానముగా నుండి డోళ్ళు తోడగు బృందమొకటి కూర్చుండును. క్లారినెట్టులు, వేణువులు, కొమ్ములు, పెద్ద ఇత్తడి వాద్యములు అందుండును. అమెరికాలో జాన్ ఫిలిప్ సూసా 1892లో నెలకొల్పిన బృందము ఇట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. హెర్బర్టు క్లార్కు అను కార్నెట్టు విద్వాంసుడు 1893లో అందు ప్రవేశించెను. నడుమ కొన్నిమార్లు విడిచినను 1917 వరకు ఆ బృందముతో సంబంధము కలిగియుండెను. "వెనిసు ఉత్సవము" పై తానును వైవిధ్యములు రచించి వాయించెను.

రికార్డులకు ఎక్కిన విధము

ఎడిసన్ 1877లో ధ్వనిని పట్టియుంచు యంత్రమును కనిపెట్టెను. 1925 వరకు ఆ పనికి విద్యుత్తు లేదు, మైకు లేదు. గదిలో పెద్ద బూరవంటి గొట్టమొకటి యుండెడిది. వాదకులందరు దాని నోటికెదురుగా ఇరుకుగా కూర్చుండి వాయించెడివారు. ఆ ధ్వని తాకిడికి కదలిన సూది మైనపు పలకపై గీతలు గీసెడిది. వయొలిను వంటి మెత్తని నాదము ఆ గొట్టమునకు చాలెడిది కాదు. కార్నెట్టు నాదము మాత్రము స్పష్టముగా పడెడిది. అందువలననే ఆ తొలినాళ్ళ రికార్డులలో కార్నెట్టు వాదనమునకు పెద్దపీట లభించినది. క్లార్కు వాదనము అట్లు పట్టబడినది. పది అంగుళముల పలకపై సుమారు మూడు నిమిషముల సంగీతమే పట్టెడిది గనుక పెద్ద రచనలను కుదించి వాయింపవలసి వచ్చెడిది.

ఇందొక విశేషము గలదు. సూసాగారికి ఈ యంత్రమనిన గిట్టదు. 1906లో ఆయన దానిపై ఒక వ్యాసమే వ్రాసెను. యంత్రము పాడుచుండగా ఇంటివారు పాడుట మానివేయుదురనియు, పిల్లలు సాధన విడుతురనియు ఆయన భయము. అందుచే ఆయన పేరుతో వెలసిన రికార్డులలో అనేకము క్లార్కు మొదలగు ఇతరుల నాయకత్వమున పట్టబడినవి. చేతి ఫోనులో సంగీతమంతయు దొరకుచున్న యీ దినములలో ఆయన భయము పూర్తిగా వ్యర్థమని మేము చెప్పజాలము. అయినను ఆ రికార్డులే లేకున్నచో క్లార్కు ఊపిరిని మనము వినగలిగెడివారమా?

తరువాతి కాలమున 1952లో ఫ్రెడరిక్ ఫెనెల్ అను ఆచార్యుడు అమెరికాలోని రాచెస్టరు పట్టణమున ఈస్టుమన్ ఊదువాద్య బృందమును స్థాపించెను. పెద్ద గుంపుగా కూడి వాయించుటకు బదులు, ఒక్కొక్క వరుసకు సాధారణముగా ఒక్కొక్క వాదకుడే యుండవలెనని ఆయన నియమము. అనగా ఎవడును మరియొకని చాటున దాగరాదు. ఆ బృందముతోనే వింటన్ మార్సాలిస్ అను నల్లజాతి విద్వాంసుడు, డొనాల్డ్ హన్స్‌బర్గర్ నాయకత్వమున, పాత కార్నెట్టు రచనలను వాయించిన రికార్డు 1987లో వెలువడినది. ఆర్బాన్ రచించిన "వెనిసు ఉత్సవము", క్లార్కు రచనలు అందున్నవి. పగనీని వయొలినుకై వ్రాసిన "నిరంతర గమనము" అనునదియు అందున్నది. నాలుగు నిమిషములకు పైగా సాగు ఆ రచనలో ఊపిరి తీసికొనుటకై స్వరధార ఎక్కడను తెగదు.

ఇది ఇంద్రజాలము కాదు. వాదకుడు బుగ్గలలో కొంత గాలిని నిలిపి, దానిని పెదవులగుండ నెట్టుచు, అదే క్షణమున ముక్కుతో గాలి పీల్చుకొనును. ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. నంది గ్రామమున భోగనందీశ్వరుని శివరాత్రి రథోత్సవమునందు గాని, మన యిండ్ల పెండ్లిండ్లలో గాని నాదస్వర మేళమును గమనింపుడు. ప్రధాన విద్వాంసుని ప్రక్కన ఒకడు ఒత్తు పట్టి ఒకే శ్రుతిని తెగకుండ నిలుపును. అతడు చేయునదియు ఇదే విద్య. అతనివైపు ఎవరును చూడరు. అతడు ఒక్క క్షణము ఆగినచో మాత్రము విద్వాంసుని రాగమునకు ఆధారముండదు.

మొదటి ప్రశ్న: ఆరోగ్యము

ఊదుటచేత క్షయ వచ్చునను మాట మన పల్లెలలో ఇంకను వినబడుచున్నది. క్షయ ఒక సూక్ష్మక్రిమివలన వచ్చు వ్యాధి యని రాబర్టు కాక్ 1882లోనే నిరూపించెను. ఊదుటవలన అది పుట్టదు. ఆరోగ్యవంతుడైన బాలుడు క్రమముగా ఊదుటచేత ఊపిరిని అదుపులో నుంచుకొన నేర్చును. కాని కొన్ని జాగ్రత్తలు నిజముగా అవసరము. ఒకరి మూతిముక్కను మరియొకరు కడుగక వాడరాదు. ఉబ్బసము మొదలగునవి గలవారు వైద్యుని యడుగవలెను. ఆరంభమున దినమునకు అరగంటకు మించి వాయింపరాదు, వాయించినంతసేపు విశ్రమింపవలెను. పెదవి అలసిన పిదప బలవంతముగా ఊదుటవలన విద్య రాదు, వచ్చినది చెడును. ఈ నియమములను మన పాఠశాలలో పాటించుచున్నామని తల్లిదండ్రులకు తెలియజేయుచున్నాము.

రెండవ ప్రశ్న: గౌరవము

బూర ఊదువానిని చిన్నచూపు చూచుట మన సంఘమున నున్న దోషము. మేళము లేనిదే మంగళసూత్రము కట్టము. మేళగానికి మాత్రము భోజనము చివరి పంక్తిలో వడ్డింతుము. ఈ మాట వ్రాయుటకు మేము సిగ్గుపడుచున్నాము, ఏలయన మా యింటి శుభకార్యములలోను అట్లే జరిగినది.

ఒంగోలు సమీపమున కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చిన మౌలానాగారు నాదస్వరమును చేపట్టి, శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ బిరుదమును, 1998లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదమును పొందిరి. తెలుగువాడు, మహమ్మదీయుడు, రంగనాథుని సన్నిధి చెంత నివసించిన నాదస్వర విద్వాంసుడు: ఈ మూడును ఒక్కరియందే యుండుట చూచి ఎవరును వింతపడలేదు, ఏలయన ఆయన వాదనము వినినవారికి వేరొక ప్రశ్న తోచదు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2021లో పద్మశ్రీ లభించినది. కాలీషాబీగారు స్త్రీ యని గమనింపుడు. మన బృందమునందు బాలికలకు డోలు చాలునని తలచు తల్లులు ఈ సంగతిని ఒకసారి ఆలోచింతురు గాక.

మన రాష్ట్రమున మరియొక దృష్టాంతము గలదు. మైసూరు మహారాజుల ఆస్థానమున పాశ్చాత్య వాద్యములతో కర్ణాటక సంగీతమును వాయించు బృందముండెడిది. మంగళూరు ప్రాంతమున 1949లో నాదస్వర విద్వాంసుని యింట జన్మించిన కద్రి గోపాలనాథుగారు బాల్యమున మైసూరులో ఆ బృందమువారి సాక్సోఫోను విని మోహితులైరి. అది బెల్జియము దేశస్థుడు సాక్సు కనిపెట్టి 1846లో హక్కుపత్రము పొందిన వాద్యము. మన గమకములు దానిపై పలుకవని పలువురు తలచుచుండగా, వారు వాద్యపు మీటలలో మార్పులు చేయించి, ఏండ్ల తరబడి సాధన చేసి, రాగమును దానిలో పలికించిరి. 1994లో లండనునగరమున రాయల్ ఆల్బర్టు మందిరమున వాయించిరి, 2004లో పద్మశ్రీ పొందిరి, 2019లో స్వర్గస్థులైరి. అది దొరల వాద్యమని వారి తండ్రిగారు ఆ బాలుని అడ్డగించియున్నచో, మనకు ఆ సంగీతము లేదు.

మూడవ ప్రశ్న: భాష

తెలుగు బడిలో ఈ వాద్యమెందుకను ప్రశ్నను మేము తేలికగా తీసికొనలేదు. కర్ణాటకమున తెలుగు మాధ్యమ పాఠశాలను నడుపువారు ప్రతి సంవత్సరము జూన్ నెలలో హాజరుపట్టీని చూచి బెంగపడువారే. మన సమయమంతయు భాషకే వెచ్చింపవలెనను తండ్రిగారి భావమునందు న్యాయమున్నది. కాని ఈ విషయమున ఒక్క సంగతిని విన్నవింతుము.

గోపాలనాథుగారి రికార్డు గాని, మౌలానాగారి రికార్డు గాని వినుడు. త్యాగరాజస్వామి కీర్తనలు పలుమార్లు ఎదురగును. వాద్యమునకు నోరున్నది, మాట లేదు. వినువాడు కీర్తనను ఎరిగినవాడైనచో ప్రతి స్వరము వెనుక దాని తెలుగు పలుకు వినబడును. అక్కడ విద్వాంసుడు ఒక పదమును ఏల నిలిపెనో, ఏల వేడుకొనుచున్నట్లు సాగదీసెనో బోధపడును. మాట తెలియనివానికి రాగసుఖము దక్కును. మాట తెలిసినవానికి రెండును దక్కును. కన్నడ మెరిగిన బాలునికి పురందరదాసుల పదములయందు ఇట్టి లాభమే గలదు. మన పిల్లలు ఈ రెండు భాషలు ఎరిగినవారు. చింతామణి తాలూకా కైవారమున నారేయణ యోగీంద్రులు తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పియున్నారు. అక్కడ గురుపౌర్ణమినాటి సంగీతోత్సవమునకు వెళ్ళినవారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. కావున వాద్యము భాషకు పోటీ కాదు. భాష నెరిగిన చెవులకే వాద్యము తన పూర్తి ఫలమును ఇచ్చును.

వినుటకు ఒక పద్ధతి

ఇంటిలో పిల్లలతో కూర్చుండి ఇట్టి రికార్డులను ఈ క్రమమున వినవలెనని మా సలహా. మొదటిమారు ప్రధాన వాదకుని మాత్రమే వినుడు. రెండవమారు అతనిని విడిచి, వెనుక బృందమేమి చేయుచున్నదో వినుడు. అతడు వేగముగా అల్లునప్పుడు వారు తగ్గి ఆధారమిత్తురు. అతడు ఊపిరి తీసికొను వేళ వారు పాటను అందుకొందురు. మూడవమారు రెండింటిని కలిపి వినుడు. విద్వాంసుని గొప్పతనమునందు బృందము పాలెంతయో అప్పుడు తెలియును. ఒకనాడు మార్సాలిస్ రికార్డును, మరునాడు మౌలానాగారి రికార్డును ఈ విధముగా విన్న బాలునికి, ఒత్తు పట్టువాడెవరో వేరుగా చెప్పవలసిన పని యుండదు. సూసాగారి భయము నిజము కాకుండ, విన్న పిదప పిల్లవానిని ఊదనిండు, పాడనిండు.

మన బృందమున నేడు పిల్లనగ్రోవులు ఆరును మ్రోగుచున్నవి, డోళ్ళు మ్రోగుచున్నవి. జాతీయగీతమున కార్నెట్టు పలుకవలసిన చోట ఆ వరుసను ఒక పిల్లనగ్రోవి సన్నగా అందుకొనుచున్నది. కార్నెట్టు మా గదిలోని బీరువాలో నున్నది. నెలకొకసారి దాని మీటలకు నూనె వేయించుచున్నాము. దానిని వేరొకరికి ఇయ్యవలెనని ఉపాధ్యాయులు కొందరు అడిగిరి. ఈ వ్యాసము అచ్చయి తల్లిదండ్రులందరి చేతికి చేరువరకు ఆగుడని వారితో చెప్పినాము. ఆ తండ్రిగారు దీనిని చదివి, ఏదేని ఒక సాయంకాలము బడి విడిచిన పిదప కుమారునితో కూడ వచ్చినచో, ఆ నాడు తరగతి గంట అడ్డురాదు. వారి ప్రశ్నలు ఇంకను మిగిలియున్నచో తీరికగా మాటలాడుకొందము.